పైవారి పోర్టు

చవుడు నేలల అభివృద్ధి మండలి ఆఫీసులో ఫోన్లు చావవు. గొడవంతా అక్కడ మొదలైంది.

లోకంలో ఎక్కడైనా ఫోను పాతబడితే పారేస్తారు. కాకినాడలో ఉన్న ఈ ఆఫీసులో అలా కుదరదు. ఫోనుని పారెయ్యాలంటే అది పనికిరాదని ఒక కమిటీ తేల్చాలి. ఆ కమిటీకి డిప్యూటీ డైరెక్టరు అధ్యక్షత వహించాలి. ఆ డిప్యూటీ డైరెక్టరు గారు రిటైరై పూలదండ పుచ్చుకుని ఇంటికెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి. ఆ కుర్చీలోకి మళ్ళీ ఎవర్నీ వెయ్యలేదు. అంచేత రిసీవరు పగిలి ప్లాస్టరు చుట్టిన ఫోన్లూ, తొమ్మిది నొక్కితే ఆరు పడే ఫోన్లూ, అన్నీ రూలు ప్రకారం నిక్షేపంలా ఉన్నట్టే లెక్క.

ఇలా ఉండగా రాజధానిలోని ప్రధాన కార్యాలయం వారికి ఉన్నట్టుండి ఆధునికత మీద మోజు పుట్టింది. ఇకమీదట అన్ని ఆఫీసుల మాటలూ ఇంటర్నెట్ మీదే నడవాలన్నారు. మరి ఈ చావని ఫోన్ల సంగతో? వాటికోసం ఒక పెట్టె పంపించారు. గేట్‌వే అంటారు దాన్ని. ఒక పక్క పాత ఫోన్ల వైర్లు గుచ్చితే రెండో పక్కనుంచి మాట ఇంటర్నెట్‌లో పడి పోతుంది. వైరు గుచ్చే బెజ్జాన్ని పోర్టు అంటారు. ఏ పోర్టు మోగాలి, ఎప్పుడు మోగాలి, ఎవరిది ఎవరికి కలవాలి అన్నదంతా ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌కి చెప్పుకోవాలి.

చెప్పవలసినవాడు త్రిమూర్తులు. అసిస్టెంటు ఇంజినీరు. మండలి మొత్తం మీద వైర్లూ కంప్యూటర్లూ తెలిసినవాడు అతనొక్కడే, అదే అతని ఖర్మ. పనొచ్చినవాడిని ఏ ఆఫీసు వదులుతుంది? అతని భార్య మంగతాయారు రంపచోడవరంలో ఆడపిల్లల స్కూల్లో టీచరు. కూతురు తల్లి దగ్గరే. పెళ్ళయింది మొదలు ఈయన ఇక్కడా ఆవిడ అక్కడా. శనివారం బస్సెక్కడం, ఆదివారం మధ్యాహ్నం నుంచే మొహం వేలాడేసుకోవడం, సోమవారం తెల్లారగట్ల మళ్ళీ బస్సు. రంపచోడవరంలో మండలికి ఒక శాఖ ఉంది. ఏజెన్సీ కొండల్లో చవుడు నేల ఎక్కడుందయ్యా అని అడక్కండి. శాఖ ఉంది, శాఖలో ఖాళీ ఉంది. బదిలీల మీద నిషేధమూ ఉంది.

ఆ ఏడాది నిషేధం ఎత్తేశారు. కొద్దిరోజులే. నెలాఖరు సాయంత్రం ఆఫీసులు మూసేసరికి మళ్ళీ పెట్టేస్తారు. త్రిమూర్తులు అర్జీ పట్టుకుని డైరెక్టరు దండపాణి గారి ముందు నిలబడ్డాడు.

"భార్యాభర్తలు ఒకచోట ఉండాలన్నది ప్రభుత్వ ధ్యేయం," అన్నారు దండపాణి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "నా ధ్యేయం కూడా. ముందు ఆ ఫోన్ల పెట్టె పని పూర్తిచెయ్యి. ప్రధాన కార్యాలయం వాళ్ళు ఫోన్లో నా సమ్మతి అడుగుతారు. ఒక్క మాట అనేస్తాను. నువ్వు వెళ్ళిపోదువుగాని."

త్రిమూర్తులుకి ఆ పూట అన్నం సయించలేదు, అంత సంతోషం. తాయారుకి ఫోను చేసి "ఈసారి ఖాయమే" అన్నాడు. ఆవిడ "ఊఁ" అంది. ఖాయమన్న మాట ఆవిడ ఇదివరకు చాలాసార్లు విని ఉంది మరి.

పెట్టెకి కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు, బొట్టు పెట్టమంటే అటెండరు సింహాద్రి భక్తి ఆపుకోలేక మొదటి పోర్టు బెజ్జంలోనే కుంకుమ కూరాడు. త్రిమూర్తులు దాన్ని టూత్‌బ్రష్షుతో తోమి, అన్ని వైర్లూ గుచ్చి, అందరికీ నంబర్లిచ్చి, "ఏదో ఒక నంబరు కొట్టి చూడు సింహాద్రీ" అన్నాడు. అదే మొదటి పొరపాటు. సింహాద్రి వేలు తిన్నగా డైరెక్టరు నంబరు మీద పడింది.

"ఎవరది?" అని ఉరిమింది రిసీవరు.

"నేనేనండి, సింహాద్రినండి. ట్రయిలండి. ఇనబడతందాండి?"

మరుక్షణం త్రిమూర్తులుకి పిలుపొచ్చింది. డైరెక్టరు గారి మొహం కందగడ్డయి ఉంది.

"అటెండరు నాకు నేరుగా ఫోను చెయ్యగలడా?"

"చెయ్యగలడండి. ఇప్పుడు ఎవరైనా ఎవరికైనా చెయ్యొచ్చండి."

"ఎందుకు చెయ్యాలి?"

ఈ ప్రశ్న త్రిమూర్తులు చదివిన ఇంజినీరింగులో ఎక్కడా రాలేదు.

"చూడు. ఒక కాగితం నా బల్ల మీదకి రావాలంటే ఇన్‌వర్డులో ముద్ర పడాలి, సీనియర్ అసిస్టెంటు నోటు రాయాలి, పరిపాలనాధికారి సంతకం పెట్టాలి, డిప్యూటీ డైరెక్టరు చూడాలి. అప్పుడు నేను. ఎండిపోయిన కాగితానికే ఇంత మర్యాద ఉంటే, మనిషి నోటినుంచి వచ్చే మాటకి ఉండక్కర్లేదా? ఆ పెట్టె మనం ఎలా చెబితే అలా వింటుందన్నావు కదూ?"

"అవునండి," అన్నాడు త్రిమూర్తులు. ఆ అవునండి ఒక్కటి మింగేసి ఉంటే బాగుపడిపోయేవాడు. ఏం చేస్తాం, బుద్ధిమంతుడు.

సాయంత్రానికల్లా మెమో తయారైంది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికిని తెలియజేయడమేమనగా, ఇకమీదట ఈ కార్యాలయమునందు ప్రతి ఫోను సంభాషణయు సక్రమ మార్గముననే పైకి పోవలెను. ప్రతి స్థాయి వారును సదరు విషయమును ఆలకించి, తమ ఉద్యోగి నంబరు కొట్టి, సిఫార్సు చేయదలచినచో ఒకటియు, అభ్యంతరముతో వెనుకకు పంపదలచినచో రెండును, పరిశీలనలో ఉంచదలచినచో మూడును నొక్కవలెను. సెల్‌ఫోను అనునది సక్రమ మార్గమును దాటిపోవు సాధనము గావున, దానిని గేటువద్ద అలమారలో ఉంచి లోనికి రావలెను."

త్రిమూర్తులు రాత్రనక పగలనక కూర్చుని సాఫ్ట్‌వేర్‌ని అలాగే మలిచాడు. బయటి కాల్ వస్తే ముందు ఇన్‌వర్డు గుమస్తా పల్లాలమ్మ ఫోను మోగుతుంది. ఆవిడ విషయమేమిటో, ఎవరికి సంబంధించిందో కనుక్కుని ఒకటి నొక్కితే సీనియర్ అసిస్టెంటుకి పోతుంది. అక్కణ్ణుంచి పరిపాలనాధికారిణి విశాలాక్షి గారికి. ఆపైన డిప్యూటీ డైరెక్టరు, ఆపైన డైరెక్టరు. డైరెక్టరు ఏమీ నొక్కక్కర్లేదు, మాట్లాడితే చాలు. అంత పైవారిని నంబరు కొట్టమని అడిగే ధైర్యం పెట్టెకి మాత్రం ఎక్కడిది?

ఎవరైనా మూడు నొక్కితే అవతలివాడు కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఖాళీలో వినిపించడానికి వేణునాదం పెడతానన్నాడు త్రిమూర్తులు. ఆఫీసన్నాక వేణువేమిటని కేకలేసి, దండపాణి గారు మండలి వార్షిక నివేదికని స్వయంగా చదివి రికార్డు చేయించారు. "చవుడు నేలల విస్తీర్ణము నిరుటికన్న ఇతోధికముగా పెరిగినదని తెలియజేయుటకు మిక్కిలి సంతసించుచున్నాము" అని మొదలవుతుందది. మండలి పెట్టింది ఆ నేలలు తగ్గించడానికి అని ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చినా చెప్పేందుకు దారి లేదు, చెబితే అదీ కింద నుంచే రావాలి.

పద్ధతి మొదలైంది. మొదలైన రోజే సీనియర్ అసిస్టెంట్లు భీమశంకరం, గనిరాజు జుట్లు పట్టుకున్నారు. ఇద్దరూ ఒకే రోజున ఉద్యోగంలో చేరారు. భీమశంకరం పొద్దున చేరాడు, గనిరాజు మధ్యాహ్నం భోజనాలయ్యాక చేరాడు. కానీ వయసులో గనిరాజే పెద్ద. కాల్ ముందు ఎవరి బల్ల మీద మోగాలి?

"నా సీనియారిటీ ఎగరేసి నీ ఫోను మోగితే కోర్టుకెళ్తానొరేయ్!" అన్నాడు భీమశంకరం.

"వెళ్ళెహె. మధ్యాహ్నం చేరినోడు మనిషి కాడేంటి?" అన్నాడు గనిరాజు.

ఇద్దరివీ ఒకేసారి మోగేలా పెడితే ఇద్దరూ ఎత్తారు, ఇద్దరూ ఒకటి నొక్కారు, ఒకటే కాల్ రెండై విశాలాక్షి గారి దగ్గర తేలింది. ఆవిడ రెండోదాన్ని "నకలు" అని తిప్పికొట్టారు. చివరికి డైరెక్టరు గారే తీర్పు చెప్పారు. పొద్దున చేరినవాడి ఫోను పొద్దున మోగాలి, మధ్యాహ్నం చేరినవాడిది మధ్యాహ్నం మోగాలి. ఆ ముక్కా పెట్టెకి చెప్పాడు త్రిమూర్తులు. పాపం పెట్టె దానికీ సరేనంది.

పైనుంచి కిందికి వచ్చే మాటకి కూడా ఇదే మర్యాదన్నారు. ఒకరోజు దండపాణి గారు చక్కెర లేని టీ కావాలని ఫోనెత్తారు. ఆ మాట విశాలాక్షి గారి దగ్గర దిగి, "చక్కెర లేకపోవుటకు కారణము?" అన్న ప్రశ్నతో పైకెళ్ళి, "మధుమేహము" అన్న జవాబుతో మళ్ళీ దిగి, భీమశంకరం పొద్దుటి వాటా ముగించుకుని లేచాక గనిరాజు చేతిలో పడి, సింహాద్రికి చేరేసరికి "డైరెక్టరు గారి చక్కెర విషయమై తగు చర్య తీసుకొనునది" అయింది. సింహాద్రి తగు చర్యగా గ్లాసులో ఇంకో రెండు చెంచాలు వేసి పట్టుకెళ్ళాడు. డైరెక్టరు గారు ఆ పాకం ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "రుచి సంగతి అలా ఉంచు. వచ్చిన పద్ధతి బాగుంది," అన్నారు.

ఖాళీగా ఉన్న డిప్యూటీ డైరెక్టరు కుర్చీ ఒకటి మిగిలింది. కాల్ అక్కడిదాకా వచ్చి తాళం వేసిన గదిలో మోగి మోగి చల్లారిపోతోంది. ఆ మెట్టు తీసేద్దామా అని త్రిమూర్తులు అడిగితే దండపాణి గారికి చెమటలు పట్టాయి. "మంజూరైన పోస్టుని తీసేస్తావా? ఏం మనిషివయ్యా!" ఆ క్షణాన్నే ఇంకో ఉత్తర్వు పుట్టింది. డిప్యూటీ డైరెక్టరు బాధ్యతలు, "ఫోను మేరకు మాత్రమే", త్రిమూర్తులుకి అప్పగించారు. కుర్చీ ఇవ్వలేదు. ఫోను మోగినప్పుడల్లా ఆ గదిలోకి పరిగెత్తి, కుర్చీ పక్కన నిలబడి మాట్లాడి రావాలి. ఆ గదికీ డైరెక్టరు గదికీ మధ్య అట్టముక్కలాంటి చెక్క గోడ. ఇటు చీమ తుమ్మితే అటు వినబడుతుంది.

ఇంతలో తాయారు ఫోను చేసింది. బడిలో విరామం వేళ, కూతురికి ఒళ్ళు కాలిపోతోందని, భయమేసి. త్రిమూర్తులు సెల్లు గేటు దగ్గర అలమారలో మూలుగుతోంది కాబట్టి ఆఫీసు నంబరు కొట్టింది.

"ఏ విషయమై అమ్మా?" అంది పల్లాలమ్మ.

"నేను త్రిమూర్తులు గారి భార్యనండి. పాపకి జ్వరమండి. ఆయన్ని ఒకసారి..."

"అయ్యో తల్లీ! ధనియాల కషాయం పట్టమ్మా," అని పల్లాలమ్మ ఒకటి నొక్కింది. భీమశంకరం బొట్టుబిళ్ళంత మాత్ర ఏదో ఉందని పేరు గుర్తురాక కాసేపు ఆలోచించి, ఒకటి నొక్కాడు. విశాలాక్షి గారు మటుకు రూలు మనిషి. "జ్వరం ఎంతుందో చెప్పలేదేం? సమగ్ర వివరాలు లేకుండా పైకి పంపితే మాట నాకొస్తుంది," అని రెండు నొక్కేశారు. కాల్ తిరిగొచ్చి పల్లాలమ్మ దగ్గర పడింది. తాయారు పరిగెత్తుకెళ్ళి థర్మామీటరు పెట్టి చూసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి విశాలాక్షి గారు భోజనానికి లేస్తూ మూడు నొక్కారు. చవుడు నేలల విస్తీర్ణము ఇతోధికముగా పెరుగుతూ ఉండగా పిల్లకి చెమట పట్టి జ్వరం దిగింది. ఆ మాటే చెబితే, విశాలాక్షి గారు "విషయము పరిష్కారమైనందున మూసివేయడమైనది" అని పెట్టేశారు.

సాయంత్రం గేటు దగ్గర సెల్లు చేతికొచ్చాక త్రిమూర్తులుకి సంగతి తెలిసింది. ఒళ్ళు మండిపోయింది అతనికి. ఎవరి మీద మండాలో తెలియలేదు, ఆ పద్ధతంతా పెట్టెకి నేర్పింది తన చేతులే కదా!

"మీరు తయారుచేసిందేనట కదండీ అదంతా," అంది తాయారు. కోపంగా అనలేదు, అదే అతన్ని కోసేసింది. "పోన్లెండి. ఈసారి కూడా బదిలీ రాకపోతే నేనింక అడగను. పిల్లకి కూడా చెప్పేస్తాను, నాన్న ఆదివారం మనిషని."

త్రిమూర్తులు ఆ రాత్రే క్యాలెండరులో నెలాఖరు తేదీ చుట్టూ సున్నా చుట్టాడు.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. గనిరాజు తన సెలవు సంగతి తనే ఎత్తి, తనకి తనే గట్టిగా సిఫార్సు చేసుకుని పైకి పంపించాడు. దండపాణి గారు అదిరిపడ్డారు. "ఎవరి విషయమైన కాల్‌ను వారే పైకి పంపరాదు" అని కొత్త రూలు. కాల్ ఎవరి గురించో పల్లాలమ్మ మొదట్లోనే ఆ మనిషి ఉద్యోగి నంబరు కొట్టెయ్యాలి. ఆ నంబరు వాడే ఒకటి నొక్కబోతే పెట్టె ఒప్పుకోదు, కిందికి తిప్పేస్తుంది. త్రిమూర్తులు అదీ చేశాడు. "క్షమించండి, ఇది తమ సొంత విషయము" అన్న మాట తన గొంతుతోనే రికార్డు చేశాడు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ కదపకుండా పాస్‌వర్డనే తాళం మాట పెట్టించి, సగం డైరెక్టరు గారు, సగం విశాలాక్షి గారు దాచుకున్నారు.

నెలాఖరు రానే వచ్చింది. పొద్దుటినుంచీ త్రిమూర్తులు డిప్యూటీ డైరెక్టరు గదిలోనే నిలబడ్డాడు. కాళ్ళు పీకుతున్నా కుర్చీ ముట్టుకోలేదు. మధ్యాహ్నం, గనిరాజు వాటా నడుస్తుండగా ఫోను మోగింది.

"డిప్యూటీ డైరెక్టరు గారేనా? ప్రధాన కార్యాలయం, బదిలీల సెక్షను నుంచండి. అబ్బబ్బ, ముగ్గురు అడిగారు ఇప్పటికి. మీ దగ్గర త్రిమూర్తులని ఒక ఏఈ. అతన్ని పంపడానికి మీ డైరెక్టరు గారికి సమ్మతమేనా? ఒక్క మాట చెబితే జాబితా మూసేస్తాం. సాయంత్రం దాటితే ఇంక దేవుడు కూడా చెయ్యలేడు."

"నేనేనండి త్రిమూర్తుల్ని! సమ్మతమేనండి!"

"నీకు సమ్మతం కాక ఏమవుతుందయ్యా! డైరెక్టరు గారిని ఇవ్వు."

త్రిమూర్తులు తన నంబరు కొట్టి ఒకటి నొక్కాడు. "క్షమించండి," అంది అతని గొంతే అతని చెవిలో, "ఇది తమ సొంత విషయము." కాల్ విశాలాక్షి గారికి జారిపోయింది. ఆవిడ ఇదివరకే సిఫార్సు చేశాను కదా అని మళ్ళీ పైకి తోశారు. మళ్ళీ మోగింది. మళ్ళీ క్షమించండి. మళ్ళీ కిందికి. నాలుగైదు చుట్లు తిరిగాక విశాలాక్షి గారికి విసుగొచ్చి, టీ తాగొస్తానని మూడు నొక్కారు. అవతల బదిలీల సెక్షనాయన వార్షిక నివేదిక వింటూ కూర్చున్నాడు.

త్రిమూర్తులు పక్క గదిలోకి పరిగెత్తాడు.

"సార్, ప్రధాన కార్యాలయం నుంచి ఫోనొచ్చిందండి!"

"నాకు రాలేదే," అన్నారు దండపాణి గారు, బల్ల మీద ఫోను వంక చూసి.

"కిందే తిరుగుతోందండి. నా విషయం కదండీ, నా దగ్గర్నుంచి పైకి రాదండి."

"తిరగనీ. సక్రమంగా ఉంటే అదే వస్తుంది."

"రాదు సార్! సాఫ్ట్‌వేర్ రాసింది నేనండి, అది రాదు! ఒక్క మాట మీరే ఆయనకి ఫోను చేసి..."

"పై ఆఫీసుకి మనంతట మనం ఫోను చేస్తామా? ఏమనుకుంటారు?" దండపాణి గారి గొంతులో నిజంగానే జాలి ఉంది. "త్రిమూర్తులూ, నాకు సమ్మతమేనయ్యా. నీ భార్యాబిడ్డల దగ్గరకి నువ్వు వెళ్తే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ నువ్వొచ్చి నోటితో చెబితే నాకు తెలిసినట్టు ఎలా అవుతుంది? ఫోను రానీ."

"పోనీ ఆ సొంత విషయం రూలొక్కటి పెట్టెలో తీసేస్తానండి."

"తప్పకుండా. అర్జీ పెట్టు. ఫోనులో. పైకి వస్తుంది."

త్రిమూర్తులు బయటికొచ్చి పెట్టె ఉన్న గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పెట్టె పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ, నొసట బొట్టుతో చల్లగా కూర్చుని ఉంది. దాన్నెత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొడితే కాల్ తెగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి తాళం ఉంది. నాన్న ఆదివారం మనిషి. అతను ఆ వైర్ల గుత్తి వంక అలా చూస్తూ నిలబడ్డాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఒకటి తట్టింది. మెమోల్లో సాఫ్ట్‌వేర్ అన్నారు, నంబర్లన్నారు, తాళం మాట అన్నారు. వైర్ల మాట ఎక్కడా ఎత్తలేదు.

డిప్యూటీ పోర్టులోంచి వైరు పీకాడు. డైరెక్టరు పోర్టులోంచి పీకాడు. అది ఇందులోనూ ఇది అందులోనూ గుచ్చాడు. ఇంకేముంది, డిప్యూటీకి వచ్చే కాల్ ఇప్పుడు డైరెక్టరు గారి బల్ల మీదే మోగుతుంది. ఎత్తుతారు, ఒక్క మాటంటారు, అయిపోతుంది. త్రిమూర్తులు ఒక్క ఉదుటున డిప్యూటీ గదికొచ్చి చెక్క గోడకి చెవి ఆనించాడు.

విశాలాక్షి గారి టీ అయింది. గోడ అవతల ఫోను మోగింది.

"దండపాణిని," అన్నారు డైరెక్టరు గారు ఠీవిగా. "చెప్పండి... ఆఁ, త్రిమూర్తులు విషయమే కదా, నేనూ దానికోసమే... ఏమిటీ? తెరమీద డిప్యూటీ డైరెక్టరు పోర్టు అని చూపిస్తోందా?"

గోడ ఇవతల త్రిమూర్తులు నాలిక్కరుచుకున్నాడు. ప్రధాన కార్యాలయం వాళ్ళ కొత్త ఫోన్లలో పోర్టు పేరు కనబడుతుందన్న సంగతే మరిచిపోయాడు. ఆ పేర్లు పెట్టింది కూడా తనే.

"లేదయ్యా, నేను డైరెక్టర్నే... నా గొంతు మీకు తెలుసు, అవును... ఒక్క మాటంటే చాలంటారా?"

అనండి సార్, అని గోడకి దణ్ణం పెట్టాడు త్రిమూర్తులు. ఒక్క మాట, మీ కడుపు చల్లగా, అనెయ్యండి.

గోడ అవతల కుర్చీ కిర్రుమంది.

"అలా కుదరదండీ," అన్నారు దండపాణి గారు. "మనిషి ఎవరన్నది ముఖ్యం కాదు, పోర్టు ముఖ్యం. డిప్యూటీ పోర్టులోంచి నేను సమ్మతిస్తే పైవారి అధికారం లాక్కున్నట్టవుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అలాంటి పని చెయ్యలేదు. నా పరిధిలో ఉన్నది చేస్తాను. గట్టిగా సిఫార్సు చేస్తాను."

నంబరు కొట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఒకటి.

త్రిమూర్తులు ముందున్న ఫోను మోగింది.

ఇది అతను అనుకున్నది కాదు. ఈ గది ఫోను వైరు ఇప్పుడు డైరెక్టరు పోర్టులో ఉందని తలుచుకోనే లేదు. అది మోగుతూనే ఉంది. సొంత విషయాన్ని పైకి పంపరాదన్నారు. నిజమే, ఇక్కణ్ణుంచి పైన ఏముంది గనక పంపడానికి? సమ్మతించరాదని మాత్రం ఎవరూ అనలేదు. త్రిమూర్తులు చొక్కా సర్దుకున్నాడు. ఆ కుర్చీలో మొట్టమొదటిసారి కూర్చున్నాడు. రిసీవరు ఎత్తాడు.

"సార్, ఇప్పుడు తెరమీద డైరెక్టరు పోర్టనే పడింది సార్. డైరెక్టరు పోర్టేనా?"

"పోర్టు అదేనండి," అన్నాడు త్రిమూర్తులు. అబద్ధం ఒక్క ముక్క లేదు.

"త్రిమూర్తులు బదిలీకి సమ్మతమేనా సార్?"

"సమ్మతించడమైనది."

"హమ్మయ్య," అన్నాడు అవతలాయన. "జాబితా మూసేస్తున్నాం సార్. ఆ నివేదిక మాత్రం ఇంకోసారి వినిపించకండి, మీకు పుణ్యముంటుంది."

ఉత్తర్వు సాయంత్రానికే వచ్చేసింది. దండపాణి గారు దాన్ని చూసి మురిసిపోయారు. "చూశావా? నేను సిఫార్సు చేశాను, పైవారు సమ్మతించారు. పద్ధతిని నమ్ముకుంటే అన్యాయం జరగదయ్యా." పైవారంటే ఎవరు సార్ అని అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు. ఆయనకైతే అడగాలన్న ఆలోచనే లేదు, పైవారెవరని ఆరా తియ్యడం ఆయన సర్వీసులోనే లేని పని.

త్రిమూర్తులుకి మనసు పీకింది. "సార్, రెండు వైర్లు తారుమారుగా ఉన్నాయండి. సరిచేసి పోతాను."

"రిలీవైనవాడు పెట్టెను ముట్టుకోరాదు," అన్నారు డైరెక్టరు గారు. "నీ తరవాత వచ్చేవాడు చూసుకుంటాడు. కావలిస్తే విషయం పల్లాలమ్మకి చెప్పు. పైకి వస్తుంది."

చెప్పాడు. పల్లాలమ్మ ఒకటి నొక్కింది. త్రిమూర్తులు బస్సెక్కేశాడు.

గోకవరం దాటాక చల్లగాలి కొట్టింది. బస్టాండులో దిగేసరికి తాయారు సంతలో కూరలు కొనుక్కుని పిల్లతో ఎదురొచ్చింది. వారం మధ్యలో మొగుణ్ణి చూసి సంచీ కింద పెట్టేసింది. "అదేంటండీ, ఆదివారం కూడా కాదు! ఒక ఫోనైనా చెయ్యలేదేం?"

"ఫోను చేస్తే ఆలస్యమైపోతుందని వచ్చేశానే," అన్నాడు త్రిమూర్తులు. తాయారు పక్కకి తిరిగి పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. పిల్ల మాత్రం "ఇవాళ ఆదివారమా అమ్మా?" అని అడిగింది.

కొన్నాళ్ళకి సింహాద్రి ఏవో కట్టలు మోసుకుని రంపచోడవరం శాఖకి వచ్చాడు. త్రిమూర్తులు టీ ఇప్పించి ఆఫీసు సంగతులడిగాడు.

"బెమ్మాండంగా ఉందండి. డైరెక్టరు గారు కూకున్నకాడే అన్నీ గట్టిగా సిఫార్సు చేసేత్తన్నారండి. ఆయనకాడ ఒక్క కాలూ ఆగట్లేదని పైనుంచి మెప్పు కూడా వచ్చిందండి."

"మరి సమ్మతి ఎవరిస్తున్నారు?"

"అదేనండి తెలవట్లేదు. పక్క గదిలో ఫోను తెగ మోగతందండి, తాళమేసే ఉందండి. మొన్న ఆయన మోకాలు ఆపరేసనుకి సెలవు కావాలని ఆయనే ఫోను చేసుకున్నారండి."

"సొంత విషయం కదా, ఆయన నొక్కితే పైకి పోదే!"

"అందుకే ఆ ఒక్క కాలుకీ ఏవో విశాలాక్షి గారికి బాధ్యత రాసిచ్చారండి. ఆవిడొచ్చి ఆయన పక్కన నిలబడి నొక్కి పోయారండి. అప్పట్నించీ ఈయన కాలు స్టూలు మీద పెట్టుకుని గోడకేసే చూత్తా కూకుంటున్నారండి. అవతల మోగతానే ఉందండి. నేనుండబట్టలేక అడిగేశానండి, ఎల్లి తలుపు కొట్టి రమ్మంటారాండి అని."

"ఏమన్నారు?"

"నోర్మూసుకో ఎదవా, పెద్దోళ్ళు పనిలో ఉంటారు, మోగనీ అన్నారండి."